నలభై అమైనో ఆమ్లాల ముక్క ప్రొటీనా, కాదా? తేల్చుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

ప్రాజెక్టు రిపోర్టుల సీజన్ మొదలైందంటే విశాఖ మద్దిలపాలెంలో మా మేడ మీద గది నిండిపోతుంది. రెండు కంప్యూటర్లు, ఒక వైట్‌బోర్డు, ఆరేడుగురు బయోటెక్ పిల్లలు. అందరి ప్రశ్నా ఇంచుమించు ఒకటే: "మేడమ్, నాకో చిన్న ఓఆర్ఎఫ్ దొరికింది. 38 అమైనో ఆమ్లాలు వస్తున్నాయి. దీన్ని ప్రొటీన్ అని రాసేయొచ్చా?"

(డీఎన్ఏ అక్షరాలను, అంటే బేస్‌లను, మూడేసి కలిపి చదివితే ఒక్కో జట్టు ఒక కోడాన్. మొదలు కోడాన్ నుంచి ఆపు కోడాన్ దాకా అడ్డం లేకుండా సాగే భాగమే ఓఆర్ఎఫ్.) రాసేయమంటే వైవాలో దొరికిపోతారు. వద్దంటే, అది నిజంగా ప్రొటీనే అయితే మంచి పని వృథా అవుతుంది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి గొంతు పోయింది కాబట్టి మొత్తం ఇక్కడ రాస్తున్నాను. 1 నుంచి 6 దాకా ఇంట్లో లాప్‌టాప్ మీద చేసుకోవచ్చు. 7, 8 అంకెలకు ల్యాబ్ కావాలి.

1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ సీక్వెన్స్ ఫాస్టా ఫైల్ (బేస్‌లు అక్షరాలుగా రాసి ఉండే మామూలు టెక్స్ట్ ఫైల్). ఓఆర్ఎఫ్ ఒక్కటే కత్తిరించి తీసుకురాకండి. అటూ ఇటూ కనీసం 500 బేస్‌లు ఉండాలి.
- జీవి పేరు, దానికి వర్తించే జన్యు సంకేత పట్టిక (ఏ కోడాన్‌కి ఏ అమైనో ఆమ్లమో చెప్పేది) నంబర్. ఎన్‌సీబీఐ (అమెరికా వాళ్ల జన్యు డేటాబేస్) లెక్కలో బాక్టీరియాకి 11, మనిషి కణ కేంద్రకానికి 1, మనిషి మైటోకాండ్రియాకి 2.
- నిజమని ఇప్పటికే రుజువైన ఒక చిన్న ప్రొటీన్, కంట్రోల్‌గా. నేను సార్కోలిపిన్ ఇస్తాను. మనిషి కండరాల్లో కాల్షియం పంపుని అదుపు చేసే ప్రొటీన్ అది. మొత్తం 31 అమైనో ఆమ్లాలే. జన్యువు పేరు ఎస్ఎల్ఎన్.
- ఒక ఎక్సెల్ షీట్. ప్రతి ఓఆర్ఎఫ్‌కీ ఒక వరుస, కింద చెప్పే ప్రతి అడుగుకీ ఒక గడి.

కంట్రోల్ లేకుండా మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. మీ పద్ధతిలో సార్కోలిపినే బయటపడకపోతే, మీ ఓఆర్ఎఫ్ గురించి అది చెప్పే మాటకి విలువ లేదు.

2. నిర్వచనం మొదటి రోజే రాసి పెట్టుకోండి

"చిన్న ప్రొటీన్" అంటే ఎంత చిన్నది? బాక్టీరియా మీద పనిచేసేవాళ్లు ఎక్కువగా 50 అమైనో ఆమ్లాలు, అంతకు తక్కువ అంటారు. కొందరు 70 దాకా ఒప్పుకుంటారు. మనుషులు, మొక్కలు, ఈస్ట్ లాంటి వాటిలో గీత 100 దగ్గర ఉంటుంది. మైక్రోప్రొటీన్, మైక్రోపెప్టైడ్ అనే పేర్లు కూడా వీటికే వాడతారు.

ఈ 100 ప్రకృతి గీసిన గీత కాదు. 1996లో ఈస్ట్ జీనోమ్ బయటికి వచ్చినప్పుడు, అంతకంటే చిన్నవాటిలో నిజమేదో చెత్తేదో తేల్చలేక 100 కోడాన్ల దగ్గర ఆపారు. ఆ అలవాటే తరువాత అందరికీ అంటుకుంది. తెల్లవారుజామున మన ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే తెలుస్తుంది. వల కన్ను పెద్దదైతే నెత్తళ్లు జారిపోతాయి. అంతమాత్రాన అవి చేపలు కాకుండా పోవు. 100 అనేది వల కన్ను కొలత, అంతే.

కాబట్టి షీట్ మొదటి గడిలో రెండు ముక్కలు రాయండి. ఒకటి, మీరు పెట్టుకున్న పొడవు హద్దు. రెండు, "సొంత ఓఆర్ఎఫ్ నుంచి రైబోసోమ్ నేరుగా తయారు చేసినది" అన్న షరతు. (రైబోసోమ్ అంటే కణంలో ప్రొటీన్లను కూర్చే యంత్రం.) మొదటిది మీ ఇష్టం. రెండోది కాదు.

మధ్యలో ఫలితం చూసి హద్దు మార్చకండి. 50 అని మొదలుపెట్టి, 53 అమైనో ఆమ్లాల ముచ్చటైన ఓఆర్ఎఫ్ కనబడగానే "60 అనుకుందాం మేడమ్" అనేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరుంటారు.

3. పొడవు చూసే ముందు పుట్టుక తేల్చండి

చిన్నగా కనిపించేవన్నీ ఒక జాతి కాదు. మీ ముక్కకి ఈ ప్రశ్నలు వేయండి.

- పెద్ద ప్రొటీన్‌ని కోస్తే వచ్చిందా? ఇన్సులిన్‌లో ఉన్నవి 51 అమైనో ఆమ్లాలే, 21 ఒక గొలుసులో, 30 ఇంకో గొలుసులో. కానీ రైబోసోమ్ తయారు చేసేది 110 ఉన్న మొదటి రూపాన్ని. తరువాత కత్తిరింపులు జరుగుతాయి. కాబట్టి ఇది ఈ లెక్కలోకి రాదు.
- వేరేదానితో అతుక్కుని పుట్టిందా? యుబిక్విటిన్ 76 అమైనో ఆమ్లాలది. పిల్లలందరూ దీన్ని చిన్న ప్రొటీన్ల పట్టికలో ముందు వరుసలో పెడతారు. అది పుట్టేది రైబోసోమ్ ప్రొటీన్లతో జతగానో, తనలాంటి కాపీలతో దండలాగానో. తరువాతే విడివడుతుంది. సైజు సరిపోయినా పుట్టుక సరిపోదు.
- అసలు రైబోసోమ్ లేకుండా తయారైందా? సైక్లోస్పోరిన్‌లో 11 అమైనో ఆమ్లాలున్నాయి. దాన్ని కూర్చేది ఒక పెద్ద ఎంజైమ్. ఇదీ కాదు.
- సొంత ఓఆర్ఎఫ్ చిన్నదే, కానీ తరువాత కొంత తెగిందా? మనిషిలో ఎలాబెలా అనే హార్మోన్‌కి ఓఆర్ఎఫ్ 54 అమైనో ఆమ్లాలది. బయటికి పంపే సిగ్నల్ భాగం తెగిపోయాక 32 మిగులుతాయి. దీన్ని నేను చిన్న ప్రొటీన్లలోనే లెక్కేస్తాను. పుట్టినప్పటి ఓఆర్ఎఫ్ కూడా చిన్నదే కదా.

4. ఓఆర్ఎఫ్‌ని సరిగ్గా వెతకడం

ముందు సార్కోలిపిన్‌తో చేతి అలవాటు చేసుకోండి.

1) ఎన్‌సీబీఐలో ఎస్ఎల్ఎన్ జన్యువు తెరిచి, మనిషి ఎంఆర్ఎన్ఏ సీక్వెన్స్ తీసుకోండి.

2) ఓఆర్ఎఫ్ ఫైండర్‌లో పెట్టి, కనీస పొడవు 150 బేస్‌లు ఎంచుకోండి. సార్కోలిపిన్ కనబడదు.

3) ఇప్పుడు 75 చేయండి. ప్రత్యక్షమవుతుంది. 31 అమైనో ఆమ్లాలకి 93 బేస్‌లు, ఆపు కోడాన్‌కి 3, మొత్తం 96.

4) చివరగా 30 పెట్టండి. అసలుదాని చుట్టూ ఊరూ పేరూ లేని ఓఆర్ఎఫ్‌లు పుట్టుకొస్తాయి. వల కన్ను మరీ బిగిస్తే చెత్త కూడా వస్తుందన్నది కళ్లారా చూడటానికే ఈ మెట్టు.

ఇప్పుడు మీ సీక్వెన్స్ పెట్టండి. ఇక్కడ జరిగే తప్పులు:

- పట్టిక నంబర్ మార్చకపోవడం. హ్యుమానిన్ అనే చిన్న ప్రొటీన్ ఓఆర్ఎఫ్ మైటోకాండ్రియా డీఎన్ఏలో ఉంది. మామూలు సంకేతంతో చదివితే 24 అమైనో ఆమ్లాలు, మైటోకాండ్రియా సంకేతంతో చదివితే 21. డీఎన్ఏ ఒకటే, జవాబులు రెండు.
- బాక్టీరియాలో ఏటీజీ ఒక్కటే మొదలు అనుకోవడం. జీటీజీ, టీటీజీలతో మొదలయ్యేవీ ఉంటాయి. ప్రత్యామ్నాయ మొదళ్లు చూపే ఆప్షన్ పెట్టుకోండి.
- ఆపు కోడాన్‌ని కూడా అమైనో ఆమ్లంగా లెక్కేయడం. నవ్వొస్తుంది గానీ, రిపోర్టుల్లో నేను ఎక్కువసార్లు దిద్దేది ఇదే.
- బాక్టీరియా జీనోమ్‌కి ప్రాడిగల్ (జన్యువులను వెతికే ప్రోగ్రామ్) నడిపి "చిన్నవేమీ లేవు" అనడం. మామూలు సెట్టింగ్‌లో అది 90 బేస్‌ల కంటే చిన్న జన్యువులను చూపనే చూపదు. బాసిల్లస్ సబ్టిలిస్‌లో స్పోవీఎం అనే 26 అమైనో ఆమ్లాల ప్రొటీన్ లేకపోతే స్పోర్లు సరిగ్గా తయారు కావు. అంత అవసరమైనది కూడా ఈ జల్లెడలోంచి జారిపోతుంది.

5. కాకతాళీయంగా కుదిరినవాటిని ఏరేయండి

మొత్తం 64 కోడాన్లలో ఆపేవి 3. అర్థంపర్థం లేకుండా బేస్‌లు చల్లినా, మొదలు కోడాన్ తరువాత వరుసగా 30 కోడాన్లు అడ్డం లేకుండా సాగే అవకాశం దాదాపు 24 శాతం. 50 కోడాన్లకి 9 శాతం. 100కి వచ్చేసరికి 1 శాతం లోపు. పెద్ద ఓఆర్ఎఫ్‌కి పొడవే సాక్ష్యం. చిన్నదానికి పొడవు ఏ సాక్ష్యమూ ఇవ్వదు.

ఈ లెక్క నాలుగు బేస్‌లూ సమానంగా ఉంటే. ఆపు కోడాన్లలో ఏ, టీ అక్షరాలు ఎక్కువ కాబట్టి, జీ, సీలు ఎక్కువున్న జీనోమ్‌లో అవి అరుదుగా వస్తాయి. అక్కడ ఉత్తుత్తి ఓఆర్ఎఫ్‌లు ఇంకా పొడుగ్గా సాగుతాయి. జీ, సీలు ఎక్కువున్న స్ట్రెప్టోమైసెస్ బాక్టీరియా మీద ప్రాజెక్టు తీసుకున్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

చేయాల్సింది: మీ సీక్వెన్స్‌ని పక్కపక్కన ఉండే జంట బేస్‌ల నిష్పత్తి మారకుండా, పేక ముక్కల్లా 1,000 సార్లు కలిపేయండి. ప్రతిసారీ మీ ఓఆర్ఎఫ్ అంత పొడవున్నది వచ్చిందా లేదా చూడండి. 400 సార్లు వచ్చిందనుకోండి, మీ దగ్గర ఇంకా ఏమీ లేనట్టే. అక్కడితో వదిలేయమని కాదు, తరువాతి అడుగుల మీద భారం ఎక్కువ పడుతుందని.

6. బంధు జీవుల్లో ఉందా, రైబోసోమ్ ఎక్కిందా

పోలిక చూడటానికి ప్రొటీన్ డేటాబేస్‌లో మాత్రమే బ్లాస్ట్ (సీక్వెన్స్‌లను పోల్చే ప్రోగ్రామ్) చేసి "ఎక్కడా లేదు" అని రాసేస్తుంటారు. చిన్నవాటిని ఆ డేటాబేస్‌లో ఎవరూ ఎక్కించకపోతే ఎలా ఉంటుంది? టీబ్లాస్ట్‌ఎన్ వాడి నేరుగా జీనోమ్‌లలో వెతకండి. అవే అక్షరాలు పదేపదే వచ్చే భాగాలను మూసేసే ఫిల్టర్ తీసేయండి. 31 అక్షరాల ప్రశ్నకి ఈ-విలువ (కాకతాళీయంగా ఇలాంటి పోలికలు ఎన్ని రావచ్చన్న అంచనా) ఎంత మంచి పోలికైనా గొప్పగా రాదు, కాబట్టి హద్దు సడలించి, వచ్చిన ప్రతి పోలికనూ కంటితో చూడండి.

ఎంత దూరపు బంధువుతో పోలుస్తున్నారన్నది ఇంకా ముఖ్యం. ఈ.కోలైని దాని దగ్గరి చుట్టమైన షిగెల్లాతో పోల్చి "పదిలంగా ఉంది" అంటే, అక్కడ దాదాపు అన్నీ పదిలంగానే ఉంటాయి. కొంచెం దూరం వెళ్లండి. డీఎన్ఏలో మార్పులు వచ్చి కూడా అమైనో ఆమ్లాలు మారకుండా ఉన్నాయా, అంటే మార్పులు ఎక్కువగా కోడాన్ మూడో అక్షరం మీదే పడ్డాయా అన్నది చూడాలి. మనిషి జన్యువులకైతే యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో ఫైలోసీఎస్ఎఫ్ ట్రాక్ ఈ పని చేసి పెడుతుంది.

పోలిక దొరకకపోతే ప్రొటీన్ కాదని తీర్పు చెప్పకండి. కొత్తగా పుట్టిన జన్యువులూ ఉంటాయి. షీట్‌లో "పోలిక లేదు" అని రాసి ముందుకు సాగండి.

ఇక రైబోసోమ్ సంగతి. రైబోసోమ్ కూర్చున్న చోట ఎంఆర్ఎన్ఏ ముక్కలను సీక్వెన్స్ చేసే పద్ధతి, రైబో-సీక్, 2009 నుంచి వాడుకలో ఉంది. మీ జీవికి ఎవరైనా చేసిన డేటా ఉంటే అందులో రెండు చూడండి. మనిషి, ఈస్ట్ లాంటివాటిలో ముక్కల పొడవు 28–30 బేస్‌ల దగ్గర ఉండాలి. మీ ఓఆర్ఎఫ్ మొదలు నుంచి ఆపు దాకా అవి మూడేసి బేస్‌ల లయతో పడాలి. లయ లేకుండా కుప్పగా ఒకే చోట పడితే అది రైబోసోమ్ నడక కాదు, ఇంకేదో ఆర్ఎన్ఏ చెత్త.

లయ బాగుంది, అంతటితో ప్రొటీన్ అయిపోయిందా? కాలేదు. ఈ.కోలైలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారు చేసే జన్యువుల ముందు, లీడర్ అనే 14 అమైనో ఆమ్లాల ఓఆర్ఎఫ్ ఒకటుంది. అందులో పక్కపక్కన రెండు ట్రిప్టోఫాన్లు. రైబోసోమ్ అక్కడ ఆగిందా, సాగిందా అన్నదాన్ని బట్టి దాని తరువాతి జన్యువులు నడుస్తాయి. అక్కడ పనిచేసేది చదవడమే. చదివాక రాలిపడిన గొలుసుతో ఆ పనికి సంబంధం లేదు.

7. ల్యాబ్‌లో కంటికి చూపించడం

చేతులు కాల్చుకునేది ఇక్కడే, నాతో సహా. మొదటిసారి చిన్న ప్రొటీన్ కోసం మామూలు గ్లైసిన్ జెల్ (ప్రొటీన్లను సైజు ప్రకారం విడదీసేది) పోసి, నీలం రంగు అడుగు దాటేదాకా నడిపాను. పొద్దున స్టెయిన్ చేస్తే పైన బ్యాండ్లు చక్కగా ఉన్నాయి, నాకు కావలసింది మాత్రం ముందు రోజు రాత్రే బఫర్‌లోకి వెళ్లిపోయింది.

సరైన క్రమం ఇదీ.

1) బరువు అంచనా వేయండి. ఒక్కో అమైనో ఆమ్లం సగటున 110 డాల్టన్లు. సార్కోలిపిన్‌కి ఈ లెక్కన 3.4 కిలోడాల్టన్లు వస్తుంది. ప్రాట్‌పరమ్ అనే ఆన్‌లైన్ సాధనంలో పెడితే దాదాపు 3.8 వస్తుంది, బరువైన అమైనో ఆమ్లాలు ఎక్కువ కాబట్టి. రెండూ షీట్‌లో రాయండి.

2) ట్రైసిన్ జెల్ పోయండి, 16.5 శాతం. గ్లైసిన్ జెల్ ఈ సైజులో వేటినీ విడదీయదు.

3) విశాఖ గాలికి ఒక జాగ్రత్త. అమోనియం పర్‌సల్ఫేట్ డబ్బా మూత వదులుగా ఉంటే సముద్రపు తేమ పీల్చేసుకుంటుంది, జెల్ గడ్డకట్టదు. కొంచెం పొడి నీళ్లలో వేసి చెవి దగ్గర పెట్టుకోండి. తాజాదైతే చిటపటమంటుంది. చప్పుడు లేకపోతే కొత్త డబ్బా తీయండి. ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోండి.

4) రంగు అంచు జెల్ దాటకముందే ఆపండి. పక్క వరుసలో తక్కువ బరువుల మార్కర్ ఉండాలి. 10 కిలోడాల్టన్ల దగ్గర ఆగిపోయే మార్కర్ మీకు పనికిరాదు.

5) స్టెయిన్ చేస్తే చిన్నవి జెల్‌లోంచి కడుక్కుపోతాయి. ముందు గ్లుటరాల్డిహైడ్‌తో కట్టేయాలి, ఫ్యూమ్ హుడ్‌లో, చేతికి గ్లౌజులతో. అది పట్టుకునేది ముఖ్యంగా లైసిన్‌ని. సార్కోలిపిన్‌లో లైసిన్ ఒక్కటీ లేదు! అలాంటివాటి మీద పట్టు తక్కువని ముందే తెలిసుండాలి.

6) వెస్టర్న్ బ్లాట్‌కైతే (ప్రొటీన్లను జెల్ నుంచి మెంబ్రేన్ మీదికి దించి యాంటీబాడీతో గుర్తుపట్టే పద్ధతి) 0.45 మైక్రాన్ల మెంబ్రేన్ వద్దు, 0.2 తీసుకోండి. ట్రాన్స్‌ఫర్ సమయం తగ్గించండి. ఎక్కువసేపు పెడితే మెంబ్రేన్‌ని దాటి అవతలికి పోతాయి.

7) ట్యాగ్ (గుర్తుపట్టడానికి అతికించే ముక్క) పెడితే సైజు మరిచిపోకండి. మూడు ఫ్లాగ్‌ల ట్యాగ్ ఒక్కటే 22 అమైనో ఆమ్లాలు. 31 ఉన్నదానికి తగిలిస్తే 53 అవుతుంది, చేపకంటే గాలం పెద్దదైనట్టు. వీలైతే ఒకసారి ముందు చివర, ఒకసారి వెనక చివర పెట్టి రెండూ పోల్చండి. మొదలు కోడాన్ చెడగొట్టిన కంట్రోల్ పక్కనే ఉండాలి. అందులోనూ బ్యాండ్ వస్తే అది మీ ఓఆర్ఎఫ్‌ది కాదు.

మాస్ స్పెక్‌కి (ముక్కల బరువు కొలిచి ప్రొటీన్‌ని గుర్తుపట్టే యంత్రానికి) పంపేవాళ్లు డబ్బు కట్టే ముందు కాగితం మీద ట్రిప్సిన్ కత్తిరింపు చేసుకోండి. అది లైసిన్, ఆర్జినిన్‌ల తరువాత కోస్తుంది. సార్కోలిపిన్‌లో ఆర్జినిన్లు 6వ, 27వ స్థానాల్లో ఉన్నాయి. అంటే మూడు ముక్కలు: 6, 21, 4 అమైనో ఆమ్లాలవి. మనిషి ప్రొటీన్ల జాబితా కట్టే అంతర్జాతీయ బృందం అడిగేది కనీసం 9 అమైనో ఆమ్లాల పొడవున్న, వేరే ఏ ప్రొటీన్‌లోనూ లేని, ఒకదానిలో ఒకటి ఇమడని రెండు ముక్కలు. ఇక్కడ ఆ పొడవున్నది ఒక్కటే. అదీ మెంబ్రేన్‌లో కూరుకుపోయే జిడ్డు ముక్క, యంత్రంలో సరిగ్గా ఎగరదు. నిజమైన ప్రొటీనే ట్రిప్సిన్‌తో పరీక్ష తప్పుతుందన్నమాట.

దారులు రెండున్నాయి. కైమోట్రిప్సిన్ లాంటి వేరే ఎంజైమ్‌తో కోయడం, లేదా కోయకుండా మొత్తంగా పంపడం. మాస్ స్పెక్ చేసేవాళ్లతో శాంపిల్ ఇచ్చే ముందే ఈ మాట మాట్లాడుకోండి. వాళ్ల మామూలు పద్ధతిలో చిన్నవాటిని వడపోసి పారేసే మెట్టు ఉండవచ్చు.

8. పని చేసేది ప్రొటీనా, ఆర్ఎన్ఏనా

ఓఆర్ఎఫ్ ఉన్న జన్యువుని తీసేస్తే కణం దెబ్బతింది, కాబట్టి ప్రొటీన్ పనిచేస్తోంది. ఈ వాదన నిలబడదు. ఆర్ఎన్ఏ పని చేస్తుండొచ్చు. రెండు రూపాలు తయారు చేయండి.

- మొదటిది: ఒకటి రెండు బేస్‌లు మాత్రమే మార్చి మొదలు కోడాన్ చెడగొట్టినది. ఆర్ఎన్ఏ దాదాపు అదే, ప్రొటీన్ ఉండదు.
- రెండోది: అమైనో ఆమ్లాలు అవే ఉంచి, కోడాన్లన్నీ వీలైనంత మార్చినది. ఆర్ఎన్ఏ మారిపోతుంది, ప్రొటీన్ అదే.

మొదటిదానితో పని ఆగి, రెండోదానితో తిరిగి వస్తే పనిచేసేది ప్రొటీనే. ప్రొటీన్ ఇవ్వదని అంతకుముందు అనుకున్న ఒక డ్రోసోఫిలా (పండ్ల ఈగ) జన్యువు నుంచి 11 అమైనో ఆమ్లాల ముక్కలు పనిచేస్తున్నాయని 2007లో తేలింది. కాబట్టి ఇంత పొట్టిది ఏం చేస్తుందిలే అని ఈ అడుగు దాటేయకండి.

9. రిపోర్టులో ఏ మాట వాడాలి

షీట్‌లో నిండిన గడులను బట్టి మాట ఎంచుకోండి, ఉత్సాహాన్ని బట్టి కాదు.

- 4, 5 మాత్రమే పూర్తయితే: "ఊహించిన చిన్న ఓఆర్ఎఫ్."
- 6లో పోలిక కూడా ఉంటే: "ప్రొటీన్‌ని ఇచ్చే అవకాశమున్న, పదిలమైన చిన్న ఓఆర్ఎఫ్."
- రైబోసోమ్ లయ కనబడితే: "అనువాదమవుతున్న చిన్న ఓఆర్ఎఫ్." ప్రొటీన్ అనే మాట ఇంకా వద్దు. 2022లో మనిషి జీనోమ్‌కి ఇలాంటివి 7,264 పోగుచేసి ప్రకటించినప్పుడు, వాటిని రైబో-సీక్ ఓఆర్ఎఫ్‌లు అనే పిలిచారు.
- 7 కూడా నిలబడితే: "చిన్న ప్రొటీన్."
- 8 కూడా నిలబడితే: "పని తెలిసిన చిన్న ప్రొటీన్."

ఇచ్చే ముందు చివరి సారి:

- నిర్వచనంలోని పొడవు హద్దు మొదటి పేజీలో ఉందా?
- ఆపు కోడాన్ లెక్కలోంచి తీశారా?
- సంకేత పట్టిక నంబర్, కనీస పొడవు సెట్టింగ్ రాశారా?
- సార్కోలిపిన్, లేదా మీ కంట్రోల్, ప్రతి అడుగులోనూ ఏమైందో ఉందా?
- వదిలేసిన ఓఆర్ఎఫ్‌లు, వదిలేసిన కారణంతో సహా, అనుబంధంలో పెట్టారా?

ఆ చివరిదాన్ని ఎవరూ పెట్టరు. వైవాలో నేను మొదట తిప్పేది ఆ పేజీయే.